కత్తెర కోరుకున్న రాకుమారుడు

సోదరులారా, మార్న్ నది రెండు ఒడ్డుల నుంచీ వానలో తడుస్తూ వచ్చిన అమ్మలారా, అయ్యలారా!

మన అన్సొమార్ నిన్న కన్నుమూశాడు. ఈ మఠంలో మా తలలు గొరిగినవాడు, మీ బిడ్డల తలల్లో కురుపులకు మందు రాసినవాడు ఇక లేడు. మఠాధిపతిగా నన్ను మాట్లాడమన్నారు. ఏం మాట్లాడను? నేను అతని పక్క గదివాణ్ణి. గోడ అవతల అతడు ఎవరితో మాట్లాడేవాడో ఏళ్ళ తరబడి విన్నవాణ్ణి.

అన్నతో మాట్లాడేవాడు. చనిపోయిన అన్నతో.

అతడు రాజు కొడుకని మీలో ఎందరికి తెలుసు? తండ్రి యుద్ధంలో పోయాడు. రాజ్యం పినతండ్రి లాక్కున్నాడు. మిగిలింది వీపు నిండా జుట్టున్న ఇద్దరు పసివాళ్ళు. మన ఫ్రాంకు రాజులకు ఆ జుట్టే కదా కిరీటం! అది తెగితే రాచరికమూ తెగినట్టే. పినతండ్రి పంపిన మనిషి ఒక చేత కత్తెర, ఒక చేత కత్తి పట్టుకుని వచ్చి, "ఏది కావాలో చెప్పండి బాబూ" అన్నాడట. పెద్దవాడు సిగోబాల్డ్, "నా జుట్టు ముట్టుకున్నావంటే నీ చెయ్యి నరికిస్తా!" అన్నాడు. చిన్నవాడు మన అన్సొమార్, "నాది కత్తిరించు, నాది కత్తిరించెయ్" అని ఏడ్చాడు.

ఎవరు కోరుకున్నది వారికి దక్కింది.

"జుట్టు రాలితే చప్పుడు కాదంటారు. నాకు వినిపించింది. ఆ వెంటనే అన్నయ్య పడిపోయిన చప్పుడూ వినిపించింది. ఆ రెండూ ఇంకా ఆగలేదయ్యా" అనేవాడు నాతో.

పినతండ్రి చనిపోయిన ఏడాది తూర్పు ప్రభువులు గుర్రాల మీద వచ్చారు, గుర్తుందా? "జుట్టు పెంచండి చాలు, మన ఆచారం ప్రకారం డాలు మీద నిలబెట్టి ఎత్తి రాజుని చేస్తాం" అన్నారు. అన్సొమార్ వాళ్ళ ఎదుటే బల్ల మీద కూర్చుని తల వంచాడు. "గొరుగు" అన్నాడు నాతో. కత్తి జారి నెత్తురొచ్చింది. "పర్లేదులే, ఊళ్ళు తగలబడటం కన్నా నయం" అన్నాడు.

మొన్నటి చలికాలం ఒక ముసలివాడు మఠంలో చేరడానికి వచ్చాడు. పేరు గుంటోలెన్. అతని తల గొరగడానికి అన్సొమార్ కత్తి ఎత్తాడు. "ఎటు వంచమంటారు బాబూ?" అన్నాడు ముసలివాడు.

ఆ గొంతు! కత్తి ఆ మెడ మీదే ఆగిపోయింది. మేమంతా చూస్తున్నాం. ఎవరు ఆపగలరు?

"మా అన్నయ్యని ఎక్కడ పెట్టావు?"

"పాతిపెట్టలేదు బాబూ. మార్న్‌లో వదిలేశాను."

ఆ నీళ్ళే కదా మనం తాగేది? ఆ నీళ్ళతోనే కదా ఆ తల తడిపింది?

అన్సొమార్ గొరగడం పూర్తిచేశాడు. మెడ తుడిచాడు. క్షమించానని మాత్రం ఏనాడూ అనలేదు. తన గదిలోనే అతనికి చోటిచ్చాడు. అప్పటినుంచీ గోడ అవతల నాకు రెండు గొంతులు వినిపించేవి. ఇద్దరూ సిగోబాల్డ్‌తోనే మాట్లాడేవారు.

ఈ ఉదయం మీలో కొందరు ఆ హంతకుణ్ణి బయటికి పంపమన్నారు. పంపను. పోయేముందు అన్సొమార్ నా చెయ్యి పట్టుకుని, "వాణ్ణి ఒంటరిగా వదలకయ్యా. నేను పోయాక అన్నయ్యతో మాట్లాడేవాడు వాడొక్కడే" అన్నాడు.

గుంటోలెన్ తనంతట తాను లేవలేడు. పక్కనున్నవాళ్ళు చెరో రెక్కా పట్టుకోండి. లేవండి, అందరం లేద్దాం. కాసేపు ఎవరూ మాట్లాడకండి. నది చప్పుడు వినిపిస్తుంది. వినిపించనివ్వండి.