నాగశ్రీ కడుపులో ఏముండె

ఏం అన్నా, కడప నుంచి మైదుకూరికి బస్సులు తిరుగుతాండాయని ఏడాదికి గుర్తొచ్చిందా నీకు? కూర్చో, నేనేం తరమనులే. ఆ సంచిలో ఏంది, ఆపిల్ పండ్లా? పాపకా? ఆపరేషనయ్యి తొమ్మిది నెలలాయె. ఇప్పుడా పండ్లు!

పరమేష్ సంబంధం తప్పిపోయిందని ఏడుస్తాండావు. లగ్గం పెట్టుకునేంత దూరమొచ్చి రాయచోటోళ్ళు ఎనక్కి పోయినారని. నీ కొడుకు గురించి వాళ్ళకు మంచి మాట చెప్పమని నన్నడగనీకి వచ్చినావు. నన్ను! నవ్వాల్నా, ఏడ్వాల్నా నా?

పోయినేడు మీ ఇంట్లో నా బిడ్డకూ మీ వానికీ నిశ్చయం. ఆ పొద్దు ఏమైందో మర్చిపోయినావా? ఇరవై మంది చుట్టాల ముందర వదిన పాప కడుపు మీద చెయ్యేసింది. 'ఏం నాగశ్రీ, ఎన్నో నెల?' అని. పంతొమ్మిదేండ్ల పిల్ల! కొంగు కడుపుకు అడ్డం పెట్టుకోని అట్లే నిలబడిపోయింది.

నువ్వేం చేసినావు? తాంబూలం తట్ట తీసి లోపల పెట్టినావు. తోడబుట్టినోనివి, ఒక్క మాటైనా అడిగినావా? బస్టాండు దాకా నేనూ పాపా ఇద్దరమే నడిచిపోయినాం. ఒక్కరు ఎనక రాలేదు.

ఆ కడుపులో ఏముండె చెప్పు? గడ్డ నా, గడ్డ! కార్జం మీద, అదే లివరు మీద, పుచ్చకాయంత. స్కానింగు చేసిన డాక్టరమ్మే నోరు తెరిచింది. నెత్తురు నాళాలు చుట్టలు చుట్టుకోని ఏండ్ల నుంచి పెరుగుతాండెనంట. కేన్సరు కాదంట. కాకపోయినా ఏం లాభం? పొట్టనూ ఊపిరినీ తొక్కిపెడ్తాంది, పగిలితే ప్రాణానికే ముప్పు, తీయాల్సిందే అనింది. అందుకే గదా పిల్ల రెండు ముద్దలు తింటే కక్కుకునేది!

కర్నూల్లో ఆపరేషను. నెత్తురు శానా పోతాది, ఇచ్చేవాళ్ళను పిల్చుకోని రాండి అన్నారు. పరమేష్‌దీ పాపదీ ఒకటే గ్రూపు. మా ఆయన పోయినాక నాకుండేది నువ్వొక్కడివే అనుకోని ఫోన్ చేసినా. ఏమంటివి? 'వానికి వేరే సంబంధాలు చూస్తాండాం మా, ఇప్పుడు ఆడికొస్తే జనాలు ఏమనుకుంటారు' అంటివి. జనాలు!

నెత్తురిచ్చింది ఎవరనుకున్నావు? మా వీధిలో ఆటో తోలే జోసెఫ్. వాడూ, వాని స్నేహితులు ముగ్గురూ. వాళ్ళకు మేమేం అవుతాం నా?

ఏడు గంటలు నా! ఆ తలుపు కాడ నేల మీద కూర్చోని ఏడు గంటలు. ఆఖరికి పెద్దడాక్టరు బయటికొచ్చి ఫోన్‌లో ఫోటో చూపిచ్చినాడు. తట్ట నిండా నల్లెర్రగా, నాలుగు కిలోలంట. దాంతో పాటు కార్జం కూడా సగం దాకా తీసేసినాం, భయపడొద్దమ్మా, అది మళ్ళా పెరుగుతాది అనె. ఆ ఫోటో నా ఫోన్లో కూడా వేపిచ్చుకున్నా.

ఎందుకో తెల్సా? ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాదని. వచ్చింది గూడా. రాయచోటోళ్ళు మీ గురించి విచారిచ్చుకునేకి నా అంగడికే వచ్చినారు. మేనత్తను గదా! కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినా. ఫోటో చూపిచ్చినా. వదిన అనిన మాట చెప్పినా, నెత్తురడిగితే నువ్వనిన మాట చెప్పినా. 'రేపు మీ బిడ్డకు జబ్బు చేసినా ఇదే గతి' అన్నా. పిల్ల తల్లి కాఫీ గ్లాసు కింద పెట్టి లేసింది.

అవును నా, చెడగొట్టింది నేనే. ఆ పొద్దు కడుపు నిండా అన్నం తిన్నా, ఎన్నాళ్ళకో.

అట్ల చూడొద్దు. లేస్తాండావేంది? కూర్చో, ఇంగో మాట విని పో. ఇది ఎవురికీ చెప్పలేదు.

మీ ఇంటి నుంచి వచ్చిన రోజు తలుపేసి పాపను కొట్టినా. ఎవుడిది, చెప్పు అని. పాపకు నెలనెలా వస్తాండాదని నాకు తెలుసు నా! అంగట్లో నుంచి ప్యాకెట్టు తీసిచ్చేది నేనే గదా! అయినా అడిగినా. వదిన మాట నమ్మినా, నా కండ్లను నమ్మలే.

మరుసట్రోజు ఒకామె కాడికి పోయి కడుపు పోయే మాత్రలు తెచ్చినా. 'నాకేం లేదు మా' అని కాళ్ళు పట్టుకునింది. చెంప మీద ఒకటేసినా. మింగింది. రెండో రోజు నెత్తురు పోయి, సొమ్మసిల్లి పడిపోయింది. అప్పుడు పోతిమి ఆస్పత్రికి. స్కానింగు అట్ల చేసిందే గానీ, నేనేదో మంచితల్లినై చేపిచ్చింది కాదు.

కర్నూల్లోనే హాస్టల్లో ఉండి చదువుకుంటాంది ఇప్పుడు. కుట్లు మానినాయి. ఫోన్ చేస్తే 'బాగుండా' అంటాది, పెట్టేస్తాది. అమ్మా అని పిల్చి ఎన్నాళ్ళాయెనో.

రాయచోటోళ్ళకు మీ సంగతంతా చెప్పినా నా. నా సంగతి ఒక్క ముక్క చెప్పలే.