ఒక్క మునక

"మళ్ళీ చెప్పు. నా చెవుల్లో ఏమైనా తేడా వచ్చిందేమో చూసుకుంటాను."

"ఒక్క మునక టీచరమ్మా. ఏటిదాకా నడవడం, ఒక్క మునక, పైకి రావడం. తువ్వాలు కూడా వాళ్ళే ఇస్తారు."

"తువ్వాలు కూడా ఇస్తారా! మరి ముందే చెప్పవేం?"

బర్మాలోని చిన్ కొండల్లో, యుద్ధంలో ఊళ్ళు పోయినవాళ్ళు చర్చి వెనక ఖాళీలో వేసుకున్న శిబిరం. వంటపాకలో సుయి పార్ చేటలో బియ్యం ఏరుతోంది. ఆమె ఎదుట సంఘ కార్యదర్శి కుయ్ థాంగ్ చేతిలో కాగితంతో నిలబడి ఉన్నాడు.

"వెటకారం తర్వాత చేద్దురుగాని. జీపు పన్నెండింటికి బయల్దేరుతుంది. సరిహద్దు దాటి ఐజ్వాల్ ఆస్పత్రికి చేరేసరికి రేపు తెల్లారుతుంది. జింగ్‌తే కాలు..."

"నా మనవరాలి కాలు సంగతి నాకే చెబుతావా? ఆ వాసన పక్కన పడుకునేది నేను. పాదం మందుపాతర తీసుకుపోయింది. మిగిలిందైనా కుళ్ళకముందు దాటించమని మొన్న నీ చేతులు పట్టుకున్నాను కదరా."

"అందుకే కదా వచ్చాను. జీపులో రోగులకి మూడే చోట్లు. పదకొండుమంది ఉన్నారు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చిన ఇళ్ళకి ముందు అన్నారు జీపు తెచ్చిన ఆ మిషన్ దొరలు."

"కొత్తగా."

"కొత్తగా. ఇంటిపెద్ద మునిగితే ఇల్లంతా లెక్కే."

"మా తాత విశ్వాసి. మా నాన్న పాస్టరు. పదిహేనో ఏట, గడ్డి మీద మంచు గట్టిపడ్డ పొద్దున, మా నాన్నే నన్ను ఏట్లో ముంచాడు. ఇల్లు పోయింది, ఊరు పోయింది, కొడుకు పోయాడు. నాదని చెప్పుకోడానికి అదొక్కటే మిగిలింది థాంగ్."

"తెలుసు."

"తెలిసే అడుగుతున్నావా? ఈ కొండ మీద కోళ్ళు తప్ప అందరూ బాప్తిస్మం తీసుకున్నవాళ్ళేనని ఆ దొరలకి చెప్పలేదూ?"

"చెబితే వెళ్ళిపోతారు. యుద్ధం మధ్యలోకి, దేవుడి పేరే విననివాళ్ళ దగ్గరికి పోతున్నామని వాళ్ళ దేశంలో చెప్పుకొని వచ్చారు. తీరా వస్తే అందరి చేతుల్లోనూ పాటల పుస్తకాలే. ఆ పెద్దదొర మొహం చూడాలి మీరు! బాంబులు పడుతున్నాయంటే కూడా అంత దిగులుపడలేదు."

"అందుకని పుస్తకాలు దాచేయించావు."

"దాచేయించడమేంటి, తీసి పెట్టాను."

"ఎక్కడ?"

"ఉన్నాయిలెండి."

"ఎక్కడరా?"

"పందుల పాక అటక మీద."

"ఛీ!"

"తడవకుండా మూటగట్టే పెట్టాను."

"పొద్దున పూసల దండలు వేసుకుని వరసగా కూర్చున్న ఆడవాళ్ళని చూసి, ఏదో పండగ నాట్యం కాబోలనుకున్నాను. వాళ్ళలో మన మావీ నోట్లో ఆ పొగాకు గొట్టం ఏమిట్రా? పొగ పడక దగ్గి చస్తోంది. ఆదివారం బడిలో పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి!"

"పాతకాలపు పద్ధతిలో బతికేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని దొర అడిగాడు. ఆవిడే ముందుకొచ్చింది. వాళ్ళాయనకి చక్కెర జబ్బు, సూదిమందు అయిపోయింది."

"అయితే?"

"అయితే ఏముంది? మందు దొరికింది. మీరలా చూడకండి నన్ను."

"ఈ బియ్యం చూడు. పురుగు, మట్టి, ఎలుక పెంటికలు. పోనీలే, ఏరుకుని తింటున్నాం. నువ్వు తెచ్చిన మాట దీనికన్నా కంపు కొడుతోంది. అంత కావాలంటే నా కోడల్ని ముంచుకో. పిల్ల తల్లి మునిగితే చాలదా?"

"దోత్‌కి అయిపోయింది."

"ఏమయిపోయింది?"

"పోయిన నెల ఇంకో బృందం వచ్చింది చూడండి, నీలం చొక్కాల వాళ్ళు... అప్పుడు. ఫోటోలు తీసుకుని గాయాల మందు, దూది, రెండు డబ్బాల మాత్రలు ఇచ్చారు. ఆ ఫోటోలు వీళ్ళ దాకా పోయి ఉంటాయి. మళ్ళీ ఆమెనే నిలబెడితే పట్టుకుంటారు."

"ఆ మాత్రలు... ఆస్పత్రి నర్సు ఇచ్చిందంది నాతో."

"మీకు చెప్పడానికి భయపడింది. మునిగే ముందు ఏడ్చిందిలెండి."

"ఏడ్చిందిలెండి అట! ఏడిస్తే సరిపోతుందా? నా కొడుకు బతికుంటే నిన్నీ పాకలో అడుగుపెట్టనిచ్చేవాడు కాదు."

"బతికుంటే వాడే మిమ్మల్ని ఎత్తుకెళ్ళి ముంచేవాడు టీచరమ్మా. వాడి కూతురు."

సుయి పార్ చేటలోంచి ఒక రాయి ఏరి బయటికి విసిరింది.

"తప్పుగా అన్నాను."

"తప్పుగా అనలేదు. అనకూడనిది అన్నావు. విను. దక్షిణాన, మీ వాళ్ళ ఊళ్ళలో పన్నెండేళ్ళు సువార్త సేవ చేశాను. ఇక్కడ ప్రతి ఇంట్లో ఆడది ఎసట్లో పొయ్యబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి నా సేవకని పక్కన పెట్టేది. పూటపూటకీ పిడికెడు. పస్తులున్న ఇంట్లో కూడా! ఆ బియ్యంతో బతికాను, నిన్నూ బతికించాను. ఏటేటా నేను పంపిన ఉత్తరం ఈ చర్చిలోనే చదివేవాళ్ళు. కొత్తవాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ వింటూ ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళట. నూట నలభై మందిని తెచ్చాను ప్రభువు దగ్గరికి. ఇవాళ పోయి, ఆయన ఎవరో నాకు తెలీదని చెప్పమంటావా?"

"నూట నలభై మూడు."

"ఏమిటి?"

"నూట నలభై మూడు మంది. ఏం లేదు. ఆ చేట ఇటివ్వండి, నేను ఏరతాను."

"నీకెలా గుర్తు?"

"ఊరూరా మీ సంచి మోసినవాణ్ణి కదా. ఇటివ్వండి. మీ కళ్ళకి రాళ్ళు ఆనడం లేదు."

"అత్తయ్యా! థాంగన్నయ్యా!"

"ఏమిటే దోత్, ఆ పరుగు?"

"ఏటి ఒడ్డున ఇద్దర్ని జీపెక్కించేశారు. ఒక్క చోటే ఉంది. పిల్లకి ఒళ్ళు కాలిపోతోంది, నన్ను కూడా గుర్తుపట్టడం లేదు. అత్తయ్య ఏమంది అన్నయ్యా?"

"మాట్లాడుతున్నాం."

"ఇంకా మాట్లాడుతున్నారా!"

"నువ్వెళ్ళు దోత్. దాన్ని దుప్పట్లో చుట్టి జీపు దగ్గరికి తీసుకెళ్ళు."

"నువ్వు మునక్కుండానా అత్తయ్యా?"

"వెళ్ళవే!"

దోత్ వెళ్ళింది. సుయి పార్ చేట వదలలేదు.

"విన్నావా? మునక్కుండానా అట. టిక్కెట్టు కొనకుండా బస్సెక్కడమెలా అన్నట్టు అడుగుతోంది. నీ పుణ్యమే ఇదంతా."

"నా పుణ్యమే. లేవండి."

"నిన్ను నేను పెంచాను. అక్షరాలు దిద్దించాను. ప్రార్థన నేర్పాను. ఇది మాత్రం ఎవడు నేర్పాడురా నీకు?"

"టైము లేదు టీచరమ్మా, లేవండి."

"ఏ దొర నేర్పాడు?"

"ఏ దొరా నేర్పలేదు. వదిలెయ్యండి."

"వదలను. వాడి పేరు చెప్పు. ఉంటే ఈ శిబిరంలోనే ఉంటాడు. వాడి మొహాన ఉమ్మేసి మరీ ఏటికి వస్తాను."

"మూడో ఏడు ఊళ్ళో ఒక్కళ్ళూ రాలేదు."

"ఏ ఊళ్ళో?"

"మా ఊళ్ళో. వరసగా రెండేళ్ళు ఎవరూ రాలేదు. ఈసారీ పేర్లు లేకపోతే పిడికెడు బియ్యం ఇంకో చోట సేవకి పంపుతామని ఇక్కణ్ణుంచి ఉత్తరం వచ్చింది. మీరు చదివి పొయ్యిలో పడేశారు."

"థాంగ్."

"అప్పటికి నాకు బాప్తిస్మం అయి మూడేళ్ళు. మళ్ళీ పక్క ఊరి ఏట్లో నిలబెట్టారు, ఇంకో పేరుతో. ముంచడానికి వచ్చే ముసలి పాస్టరుగారికి చూపు ఆనదు కదా. తర్వాతి ఏడు ఇంకో ఊళ్ళో. మా ఊరితో కలిపి నాలుగు ఊళ్ళు, నాలుగు పేర్లు. నాలుగోసారి చలిజ్వరం నాకు, రానని ఏడ్చాను. నా గడ్డం పట్టుకుని, ఒక్క మునకరా నాన్నా అన్నారు మీరు."

సుయి పార్ చేట కింద పెట్టింది.

"కోపం లేదు టీచరమ్మా. ఆ బియ్యం నేనూ తిన్నాను. మీరు ఎందుకు చేశారో నాకు అప్పుడే తెలుసు. మొహాన ఉమ్మేస్తానన్నారు కదా, నోరు జారింది."

"ఎవరెవరికి చెప్పావు?"

"ఎవరికీ. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

"నూట నలభై ముగ్గురిలో నువ్వు నలుగురివి."

"అవును."

"మిగతావాళ్ళు..."

"నన్ను అడక్కండి. ఆ పేర్లు రాసింది మీరు."

"అత్తయ్యా! బండి స్టార్ట్ చేశారు! అత్తయ్యా!"

"థాంగ్, చెయ్యివ్వు. మోకాళ్ళు పట్టేశాయి... ఆ కాగితం తియ్యి. సుయి పార్ అని మాత్రం రాయకు."

"మరి ఏ పేరు రాయను?"

"ఏదో ఒకటి. సుయి పార్‌కి బాప్తిస్మం ఎప్పుడో అయిపోయింది."