ఎక్కినవాళ్ల లెక్క

“అంతా మంచిగనే ఉందని రాస్కో బిడ్డా. బస్సు మంచిగుంది, డ్రైవర్లు మంచోళ్లు. ఏం తక్లీఫ్ లేదు.”

లాలాగూడ బస్‌స్టాపు. పక్షవాతంతో కాలు పడిపోయిన భర్త పర్వతాలును ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టుకుని కార్ఖానా ఏరియాకి వెళ్లే బస్సు కోసం చూస్తోంది అనసూయమ్మ. ఎదురుగా ట్యాబ్ పట్టుకుని నిలబడింది యామిని, సిటీ బస్సుల సర్వేకి వచ్చిన అమ్మాయి.

“అంతా బాగుంటే ఇంతసేపట్నుంచి ఇక్కడెందుకు కూర్చున్నారాంటీ?”

“ఊకెనే. గాలికి.”

“గాలికా?”

“బాగలేదంటే ఉన్న ఒక్క బస్సు సుత తీసేస్తరు. మాకెర్కలేదా?”

“అయ్యో, కాదాంటీ. ఇబ్బంది చెప్తేనే కదా ఇంకో బస్సుకి డబ్బులు అడిగేది.”

“నిజమేనా?”

“నిజమండీ.”

“అయితే రాస్కో. ఆగదు బిడ్డా. ఈయన కుర్చీల కెల్లి లేసేదాక ఎవ్వడాగడు. సోమవారం పాయె, మొన్న పాయె. కార్ఖానల దవాఖానల పైసల్లేకుండ కాలుకు కసరత్తు చేపిస్తరు. ఇయ్యాల సుత రాకపోతే పేరు కొట్టేస్తమన్నరు.”

“పోనీ ఆటోలో…”

“రోజూ ఆటోకు యాడికెల్లి తేవాలె?”

“అనసూయా, ఇంటికి పోదాం పా.”

“నువ్వూకో! బొటనేలు కదులుతుంది బిడ్డా ఈయనకు. ఇప్పుడు ఆపితే గంతేనట, ఇగ లెవ్వడట.”

“ఆంటీ, అదిగో బస్సు!”

“లెవ్వయ్యా, లెవ్వు! నా భుజం పట్టు! ఓ డ్రైవరన్నా, ఆపు! జెర ఆపు! బిడ్డా, నువ్వన్న చెయ్యెత్తు!”

“ఆపండి! హలో, ఆపండీ… వెళ్లిపోయాడు.”

“చూసినవు కద. నీ కండ్లతోని చూసినవు. రాయి.”

“రాస్తాను ఆంటీ. కానీ…”

“కానీ ఏంది?”

“మీరు చెప్పింది కిందెక్కడో ఉంటుంది. డబ్బులిచ్చేవాళ్లు చూసేది ఈ గడే. ఈ స్టాపులో ఎంతమంది ఎక్కారని.”

“ఎంతమందని కొడ్తవు?”

“సున్నా.”

“సున్నానా? మేమిద్దరం ఈడనే ఉన్నం కద!”

“ఎక్కలేదు కదండీ.”

“ఆగితే కద ఎక్కేది! రెండని కొట్టు. నీ కాళ్లు మొక్కుతా, రెండని కొట్టు తల్లీ.”

“లేవండాంటీ, ప్లీజ్. టికెట్లతో సరిచూస్తారు. దొంగలెక్క రాశానని నన్ను తీసేస్తారు.”

“సున్నానట, ఇన్నవా అయ్యా! మనం లేనే లేమట!”

“జెర ఆగవే. బిడ్డా, ఇంకో బస్సున్నదా?”

“ఉందండీ. అరగంటలో.”

“అనసూయా, ఏడ్వకు. కుర్చీ పట్టు.”

“ఇంటికేనా?”

“కాదు. రోడ్డు నడుమల ఎయ్.”