టెంకాయ నీళ్లు

సీతారామపురం దారిలో ఒక పల్లె. వంటింట్లో అత్త రామసుబ్బమ్మ, కోడలు సుజన.

"పప్పులో పెట్టిన గరిటె మామయ్య కూరలో ఎందుకు పెట్టినారత్తమ్మా?"

"కడిగే పెట్టినానమ్మా."

"కడగలేదు. అంచున పప్పు అట్నే ఉండాది, చూడండి."

"ఏదీ... మెతుకంత ఉండాది. దానికే ఇంత రాద్ధాంతమా?"

"మెతుకంత మెతుకంత కలిసే గదా మొన్న మామయ్య కోసం కారు పెట్టుకోని నెల్లూరు ఆస్పత్రికి పరిగెత్తింది."

"గరిటెల వల్ల కాదులే అది."

"మరి దేనివల్ల?"

"ఏమో. నాకేం తెలుసు."

"ఈ కూర మనం తినేద్దాం. ఆయనకి మళ్లా చేస్తా. సొరకాయ మిగిలిందా?"

"మిగిలింది. నేను తరుగుతా, ఇటియ్యి."

"వద్దులేండి. ముక్కలు ఒకసారి ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోయాల. మీరు మర్చిపోతారు."

"ముప్పై రెండేళ్లు వండి పెట్టినా ఆ మనిషికి. కిడ్నీలు పోయిన కాడి నుంచి నా చేతి కూర లేదు. పొయ్యి కాడికొస్తే గరిటె లాక్కుంటావు."

"సరదాకి లాక్కుంటానా? ఆత్మకూరులో డయాలసిస్ కాడ రాసిచ్చిన పేపరు, అద్దో, గోడకి అంటించినా. మీకు రెండుసార్లు చదివి వినిపించినా."

"వినిపించినావు."

"పొటాషియం ఎక్కువైతే గుండె ఆగిపోతాదంట. వారానికి రెండు తూర్లు బస్సెక్కి పొయ్యి, నాలుగు గంటలు సూదులు గుచ్చుకోని పడుకోనొచ్చే మనిషి, అదే ఆత్మకూరు బస్టాండులో నిలబడి టెంకాయ నీళ్లు తాగినాడంట. చిన్నపిల్లోడా?"

"ఆ మనిషిని అనబాకమ్మా."

"అనక? డాక్టరు ఏమన్నాడో తెలుసా? ఒక్క టెంకాయకి ఇంత పెరగదు, దినమూ తాగతా ఉండాడు అన్నాడు. మామయ్య తల దించుకున్నాడు."

"...దినమూ అనినాడా?"

"దినమూ అనే. మీ మొకమేంది అట్లయింది?"

"ఏం లేదు. పొగ."

"గ్యాసు పొయ్యికి పొగేందత్తమ్మా?"

"నీ పని నువ్వు చూసుకో తల్లీ."

"చూసుకుంటానే ఉండా. మీ అబ్బాయి మాల్యాద్రికి ఫోన్ చేసినాడు. శుక్రవారం వస్తాడంట."

"ఏ మాల్యాద్రి? కలువాయిలో గొర్రెల బేరం చేసే ఆయనా?"

"ఆ. మందంతా ఇచ్చేస్తాం. గొర్రెలుంటే మామయ్య వాటెంబడి పోతాడు. పోతే ఏదో ఒకటి తాగతాడు. ఇంట్లో ఉంటే నా కళ్ల ముందర ఉంటాడు. రాత్రి అన్నం కాడ మీ అబ్బాయే మామయ్యకి చెప్తాడు, మీరు ముందే నోరు జారబాకండి."

"గొర్రెలు లేకపోతే ఆ మనిషి ఏం చేస్తాడే?"

"బతికుంటాడు."

సాయంత్రం. పందిట్లో మంచం మీద భర్త ఆదినారాయణ, పక్కన రామసుబ్బమ్మ.

"ఏమయ్యా, బస్టాండులో తాగినానని ఎందుకు చెప్పినావు?"

"మెల్లిగా. సుజన వింటాది."

"విననీ. పదిహేను దినాలు చేని కాడికి బాటిల్ మోసుకొచ్చింది నేను. మజ్జిగని చెప్పి ఇంట్లోంచి దాటించింది నేను. టెంకాయ నీళ్లు కిడ్నీల్ని కడిగేస్తాయని ఆ టెంకాయ తోట కొండలయ్య అంటే నమ్మింది నేను."

"నువ్వేం చెడు కోరి చేసినావా?"

"నీ గుండె ఆగిపోయి ఉంటే?"

"ఆగలేదు గదా. నోరు ఎండతా ఉండాది, ఒక ఐసు ముక్క తెచ్చియ్యి."

"డాక్టరు చెప్పిన లెక్క నీళ్లు ఈ దినానికి అప్పుడే అయిపోయినాయా?"

"మధ్యాన్నానికే. ఐసు ముక్కయితే చప్పరించొచ్చు. సుజనే చెప్పింది."

"తెస్తా. మన పిల్లోడు కోటాకి చెప్పెయ్యనా?"

"వద్దు. చెప్తే ఆ పిల్ల నిన్ను వంటింటి గడప తొక్కనీదు. నన్ను తిట్టినారు, అయిపోయింది. నాలుగు దినాలకి మర్చిపోతారు."

"మర్చిపోరు."

"ఎందుకని?"

"ఏం లేదు. నల్లమొకం గొర్రె ఈనిందా?"

"ఇంకా లేదు. శనివారమో ఆదివారమో. తొలిసూలు గదా, నేను దగ్గరుండాల. కోటాకి చేతకాదు, వాడు దాన్ని బెదరగొడతాడు. ఏందే, మాట మార్చినావు?"

"ఐసు తెస్తా ఉండు."

"రామసుబ్బా."

"ఏంది?"

"రెండు ముక్కలు తేబాక. ఒకటి చాలు."

రాత్రి భోజనాల దగ్గర నలుగురూ. కొడుకు కోటేశ్వర్ అప్పుడే మందను దొడ్డికి తోలి వచ్చాడు.

"నాయనా, ఒక మాట. మాల్యాద్రి శుక్రవారం వస్తాడు. మంద ఇచ్చేస్తా ఉండాం."

"...ఎవరి మంద?"

"మన మందే. నువ్వింక చేలెంబడి తిరగబాక. టెంకాయ నీళ్లకి నోరు కట్టుకోలేని మనిషివి, నిన్నెవరు కాపలా కాస్తారు?"

"కోటా, ఆగు."

"నువ్వుండమ్మా. ఎప్పుడూ ఆయన్నే వెనకేసుకొస్తావు. కారులో ఆయన చేతులు చల్లబడిపోతే, నెల్లూరు దాకా పట్టుకోని కూర్చున్నది నేను."

"ఆ నీళ్లు నేనిచ్చినా."

"ఏంది?"

"నేనిచ్చినా. బస్టాండూ లేదు, ఏమీ లేదు. కొండలయ్య తోటలో కొట్టించి, మజ్జిగ బాటిల్లో పోసి దినమూ తీసుకుపోయినా. పదిహేను దినాలు."

"అత్తమ్మా, పేపర్లో మొదటి లైనే అది. నేను చదివినా గదా మీకు."

"చదివినావు. నువ్వు చదివింది వినబుద్ధి కాలేదు నాకు. నేనిచ్చింది తాగి ఆ మనిషి లేచి తిరగాల, నువ్వు చూడాల అనుకున్నా."

"అందుకా?"

"అందుకే. నన్ను తిట్టండి. నన్ను వంటింట్లోకి రానీబాకండి. గొర్రెల్ని మాత్రం అమ్మబాక కోటా. ఆయనకేం తెలుసు పాపం, ఇచ్చినా, తాగినాడు."

"నాయనా, నువ్వెందుకు మీదేసుకున్నావు? అమ్మే ఇచ్చింది, నాకు తెలీదు అని ఉంటే అయిపోయేది గదా."

"తెలీకపోతే గదా అనేది."

"అంటే?"

"డయాలసిస్‌కి పోయిన మొదటి దినమే ఆత్మకూరులో సిస్టర్ చెప్పింది. పెద్దాయనా, టెంకాయ నీళ్ల జోలికి పోబాక, ప్రాణం మీదికొస్తాది అని."

"తెలిసే తాగినావా అయ్యా? నేనిచ్చిన ప్రతిసారీ?"

"ఎండలో అంత దూరం నడిచొచ్చి మూత తీసిచ్చేదానివి. అయిపోయిందాకా నా మొకమే చూస్తా ఉండేదానివి."

"ఒక్క మాట వద్దనుండొచ్చు గదా మామయ్యా."

"అనలేకపోయినానమ్మా. కోటా, మాల్యాద్రిని శుక్రవారం దాకా ఎందుకు, రేపే రమ్మను. చేని కాడ నేనొక్కణ్ణే ఉంటే మీ అమ్మ ఇంకోటేదన్నా తెస్తాది. నేను మళ్లా తాగతా."