అలక చిక్కుడు

ఏంటీ, దీన్ని అలక చిక్కుడని ఎందుకంటారనా? ఈనెలు తీస్తూ విను అమ్మడూ, చేతులాపకు. మొన్నెవరో మొక్కల మీద పుస్తకం రాస్తున్నాయన వచ్చి, ఎండకి ఆకు ముడుచుకుంటుంది కాబట్టి అలక అన్నాడు. నేనూ తలూపాను. కళ్లజోడున్నవాళ్లు ఏం చెప్పినా తలూపడం నాకలవాటు. అలిగింది ఆకు కాదే, మా మేనమామ. టైలరు. పిల్లల్లేరు పాపం. ఎవరైనా పిల్లాడి చొక్కాకి గుడ్డ తెస్తే, రెండు సైజులు పెద్దది కుట్టి "ఎదుగుతాడులే" అనేవాడు. ఎక్కడున్నాం? ఆఁ, ఆయన షాపు గోడవార ఈ తీగ దానంతటదే మొలిచి కప్పు మీదికి పాకింది. ఇలా ఊదారంగు కాయలు, అప్పటిదాకా ఎవరూ ఎరగరు. ఇక పట్టుకుంది మామయ్యకి. "ఒరే అల్లుడూ, దీనికి నా పేరు పెడతాన్రా. నేను పోయినా జనం నోళ్లలో నానుతుంది." అప్పటికి నాకు పెళ్లయింది, బుద్ధే రాలేదు. "బ్రహ్మాండం మామయ్యా" అన్నాను. అడిగినవాళ్లందరికీ గింజలు ఊరికే ఇచ్చాడు. షరతొకటే, ఇంటిపేరుతో సహా మొత్తం పేరు పెట్టి పిలవాలి. అబ్బో, ఆ పేరు పొడుగు! కూరలమ్మే ఆవిడ ఒక్కపూట అరిచి చూసి, "నీ పేరు పూర్తయ్యేలోపు కొనేవాళ్లు వీధి దాటిపోతున్నారయ్యా, ఉత్త చిక్కుడంటాను" అంది. అంతే, మెడలో టేపుతో అలాగే షాపు కప్పెక్కి తీగపక్కన కూర్చున్నాడు. "నా పేరుతో పిలిచేదాకా దిగను!" కిందనుంచి అత్తయ్య, "దిగండీ, పెళ్లికొడుకు ప్యాంటుకి ఒక కాలే కుట్టారు!" "రెండోది పైకి పంపించు!" పంపించాం. కుట్టుమిషనుతో సహా. మోసింది ఎవరనుకున్నావ్, ఇదిగో, ఈ నడుమే. కొలతలు పైనుంచి టేపు జారవిడిచి తీసేవాడు. ఆ ఏడు కుట్టిన చొక్కాలన్నీ భుజాల దగ్గర అచ్చు గుద్దినట్టుండేవి, పొట్ట దగ్గర దేవుడి దయ. బట్టలకొచ్చినవాళ్లు పోతూ పోతూ నాలుగు కాయలు కోసుకునేవాళ్లు. ఎక్కడివంటే, అలిగిన టైలరు దగ్గరివి అనేవాళ్లు. తర్వాత్తర్వాత టైలరు ఊడిపోయాడు, అలక మిగిలింది. ఓ పొద్దున కూరలావిడ వీధి మొగలో "అలక చిక్కుడోయ్!" అని కేకేసింది. మామయ్య మిషను ఆపేశాడు. మళ్లీ కేకేసింది. మెల్లిగా నిచ్చెన దిగొచ్చి నా పక్కన నిలబడి, "పోన్లేరా, అలకైతే నాదే కదా" అన్నాడు. మెడలో టేపు తీసి చుట్ట చుట్టుకున్నాడు. ఏంటీ, ఆ మొత్తం పేరా? చెప్తాను. మేం మామయ్యా అనేవాళ్లం, ఊరంతా టైలరుగారనేది, అత్తయ్యకి ఏవండీ... ఇంటిపేరు... ఉండు, నోటిదాకా వచ్చింది... ఆ కాయలో పురుగుంది, అవతల పారెయ్.