కటింగ్ మాస్టర్ కాచిన సూప్

కుట్టు ఫ్యాక్టరీలో భోజనాల గంట కొట్టగానే అందరి డబ్బాలూ మూతలు తీసుకుని బల్ల మధ్యకి చేరతాయి. ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకుంటారు. ఆవేళ కాజాల మిషన్ అక్క తన డబ్బా పక్కన ఇంకో చిన్న డబ్బా కూడా పెట్టింది. ఆరేళ్ళ కొడుకు పొద్దున వద్దని వదిలేసిపోయినది. వాడు బరువు తగ్గుతున్నాడని, వచ్చే వారం మళ్ళీ తూచి చూస్తామని బడి నర్సు చెప్పింది.

"ఏది పెట్టినా ముట్టడు," అంది అక్క. "వాడికి నచ్చేవి ఒంటికి మంచివి కావు. మంచివేమో కొనలేం."

కటింగ్ మాస్టర్ గొంతు సవరించుకున్నాడు. అది విని ప్యాకింగ్ తాత కుర్చీ వెనక్కి జరుపుకుని కాళ్ళు బారజాపాడు.

"ఇంతేనా అమ్మా!" అన్నాడు మాస్టర్. "మా చిన్నాడూ అంతే. ఓ ఆదివారం నేనే గరిటె పట్టాను. కొట్టువాడు తీసి పారేసే క్యాబేజీ పై ఆకులు, గుప్పెడు ఎండు చిక్కుడు గింజలు, రెండు వెల్లుల్లి రెబ్బలు, అంతే, సూప్ కాచాను. వాడు గిన్నె నాకేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ వాసన మెట్లెక్కి మూడో అంతస్తుకి పోయింది. అక్కడ మంచం దిగలేని ముసలాయన గిన్నె పట్టుకుని తనే దిగొచ్చి, తాగి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వెళ్ళిపోయాడు. చేతికర్ర మా ఇంట్లోనే మర్చిపోయాడు!"

"ఉందా ఆ కర్ర?" అన్నాడు తాత.

"దాంతోనే కదా మా ఆవిడ దుప్పట్లు దులిపేది! విను మరి. వారం తిరక్కుండా మందుల షాపాయన మందులెత్తేసి క్యాబేజీలు పెట్టుకున్నాడు. ఆస్పత్రిలో పనిలేక డాక్టర్లు పొద్దున్నే తెల్లకోట్లతో వచ్చి మా వంటింట్లో ఆకులు తరిగేవాళ్ళు. ఆపరేషన్లు చేసిన చేతులు కదా, ఎంత సన్నగా తరిగేవాళ్ళో! ఇక ఆవిరి కిటికీలోంచి పైకి పోతే, ఆకాశంలో విమానం మా ఇంటి చుట్టూ తిరగడం మొదలెట్టింది."

"దిగిందా?" అంది ఇస్త్రీ అమ్మాయి.

"ఎక్కడ దిగుతుంది, డాబా మీద బట్టలారేసి ఉంటే! తాడు కట్టి క్యాను పైకి పంపాం."

అక్క నవ్వలేదు. ఆమె ఇంకా గింజల దగ్గరే ఆగి ఉంది.

"ఎంతసేపు ఉడికించారు మాస్టారూ?"

"ఎంతసేపేమిటి, పది నిమిషాలు."

"నానబెట్టేనా?"

"నానబెట్టడం దేనికి? నా చెయ్యి పడితే చాలు."

"నానబెట్టని గింజలు పది నిమిషాలకి గుండీల్లాగే ఉంటాయి. పట్టుకురండి, మీ చొక్కాకి వాటికి తగ్గ కాజాలు కుట్టిపెడతాను."

బల్లంతా గొల్లున నవ్వింది. తాతకి పొలమారింది. మాస్టర్ కూడా నవ్వబోయాడు గానీ, అక్క తనకేసే చూస్తోంది.

"విమానం మీరే ఉంచుకోండి. మీ వాడు తిన్నాడా లేదా, ఆ ఒక్కటీ చెప్పండి."

మాస్టర్ డబ్బా మూతని అటూ ఇటూ తిప్పాడు. "వండింది మా ఆవిడ," అన్నాడు చివరికి. "వాడు రెండు చెంచాలు తాగాడు. మూడోది నా మీద ఉమ్మేశాడు."

అక్క తన కుర్చీ ఆయన పక్కకి లాక్కుంది.

"రెండు చెంచాలా! అయితే మీ ఆవిడకి ఫోన్ చెయ్యండి."