పుట్టికి కట్టిన ఇసుర్రాయి

“అమ్మమ్మా, పుట్టి కొన్న, గా గుండ్రటి పడవ. డ్యూటీ లేనప్పుడు చెరువుల వల ఏసుకుంట. లంగరుకు ఎంత రాయి కట్టాలె?”

ఎంత రాయా? ఇట్ల రా, నేల మీద కూసో. కాళ్లు సాపు. ఇగో, గా తలుపుకాడి రాయిని ఒక్క చేత్తోటి లేపు. ఊఁ... లేస్తలేదా? అయితే గది నీకొద్దు. మా మామ గట్లనే సూసేటోడు. నిలబడితే ఎంత బరువన్న లేపుతవ్ కొడుకా, పుట్టిల నిలబడొస్తదా? గాలికి జరుగుతుందంటే రాయి పెంచొద్దు, తాడు ఇంక పొడుగిడువు. గంతే.

మీ తాతకు గదంత ఎరుకే. మా పెండ్లప్పుడు చెరువు అడుగు గట్టిగుండె, గా నీళ్లే తాగేటోళ్లం. బొల్లారం దిక్కు కంపెనీలొచ్చి... కాదు కాదు, కంపెనీలు ముందుగాలే ఉన్నయ్, వాటి మురికి నీళ్లు తర్వాతొచ్చినయ్. ఇగ అడుగంత నల్ల బురద. తాడు ఎంత ఇడిసినా చిన్నరాయి ఆగకపాయె. పిండి గిర్ని వచ్చినంక మా అత్త ఇసుర్రాయి వాకిట్ల ఊకెనే పడున్నది. పై రాయికి నడుమ బొక్క ఉంటది సూడు, తాడు మంచిగ పడుతదని మీ తాత గదే లంగరుకు కట్టుకపోయిండు. కింది రాయి వాకిట్లనే ఉన్నది.

గా దినం మిట్టమధ్యాహ్నం. నేను గట్టు మీద వల బాగుజేస్తున్న. ఒక్క ఆకు కదుల్తలేదు. పుట్టేమో ఉన్నకాడనే మెల్లగ తిరుగవట్టింది. తెడ్డు ఆయన ముట్టనే లేదు. గట్లనే గుండ్రంగ, ఆగకుంట. ఇగ నీళ్లకెల్లి గర్ర్... గర్ర్... అని జొన్నలు ఇసిరే సప్పుడు. “ఏందయ్యా గది?” అని ఒర్రిన. ఆయనేమో తాడు వట్టి గుంజుతుండు. గుంజినకొద్ది పుట్టి ఒక దిక్కు ఒరుగుతుంది. “కొయ్యి! తాడు కొయ్యి!” అన్న.

“మా అమ్మ రాయే, ఎట్ల కోస్తనే?” అన్నడు. గదే ఆఖరి మాట. పుట్టి బోర్లవడ్డది.

పొద్దుగూకక ముందే మనోళ్లు పీన్గను తీసిన్రు. ఇంటికి తెస్తే మా అత్త, ఆమెకు కండ్లు కనబడయి, మంచంల లేసి కూసున్నది. “పగటికెల్లి వాకిట్ల ఎవ్వలే ఇసురుతున్నరు? పై రాయి లేంది ఎట్ల ఇసురుతున్నరే?” అనవట్టె. ఆయనకు తాడు రెండు చేతులకు సుట్టుకోని ఉన్నది. కత్తి మొలకే ఉన్నది, తియ్యనే లేదు.

బురద గుంజిందో, ఇంకేమన్న గుంజిందో, నాకు తెల్వదు బిడ్డా. రాయి మీద నాకు కోపం లేదు. కోపమంత ఆయన మీదనే. నేను గట్టు మీదనే ఉన్న గదా... నన్ను సూసన్న కొయ్యొద్దా?

సరే తీ, ఏడుస్తలేను. నిన్ను ఏది పట్టి గుంజినా, గది ఎవ్వలిదైనా, తాడు జల్దీ కొయ్యి కొడుకా. సల్లగ బతుకు. నీ పెండ్లాం నీతోటి ముసల్ది గావాలె...